వీరవేణిగారి ఆసనము

ఆడవాళ్ళకు కూర్చునే హక్కు వచ్చిందన్న సంగతి, కాకినాడలో వస్త్రవైభవ సంస్థవారి చేనేత విక్రయశాలకు ఒక సోమవారం పొద్దున తపాలాలో తెలిసింది. ఆ వేళకు కొల్లాటి వీరవేణి నూలుచీరల కౌంటరు వెనకాల నిలబడి ఉంది. ఆ మాటకొస్తే ఆవిడ ఇరవై ఏళ్ళుగా అక్కడే నిలబడి ఉంది.

ఆ కొట్టు గురించి ముందు కాస్త చెప్పాలి. లోపలికి అడుగుపెట్టగానే కుడిచేతి వైపు మోకాలెత్తు అరుగు, దానిమీద గోడ పొడుగునా పరుపు, పరుపుమీద తెల్ల దుప్పటి, ఆనుకోవడానికి బాలీసులు. అక్కడ మగ ఉద్యోగులు బాసింపట్టు వేసుకుని కూర్చుని పట్టుచీరలు పరుస్తారు. ఎడమచేతి వైపు అద్దాల కౌంటర్లు. అక్కడ ఆడవాళ్ళు నిలబడి నూలుచీరలు, జాకెట్టు ముక్కలు, తువ్వాళ్ళు అమ్ముతారు. ఆడవాళ్ళు నిలబడాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. మొట్టమొదటి ఆడమనిషి ఉద్యోగంలో చేరిన రోజున అప్పటి మేనేజరుగారికి ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో తోచలేదు. మగాళ్ళ పక్కన పరుపుమీద బాగుండదు, విడిగా కుర్చీ వేస్తే తనతో సమానం చేసినట్టవుతుంది. ఆలోచించి ఆలోచించి "ప్రస్తుతానికి నిలబడమ్మా" అన్నారు. ఆ ప్రస్తుతం ఇంకా నడుస్తోంది.

ఇప్పటి మేనేజరు ముక్కామల పరబ్రహ్మంగారు ఈ ఏర్పాటుకు ఒక సిద్ధాంతం కూడా కట్టారు. "మగాడు కూర్చుని చీర పరిస్తే అది వ్యాపారం. ఆడమనిషి కూర్చుని చీర పరిస్తే అది పేరంటం" అనేవారు. తాను మాత్రం గాజుగదిలో, మెత్తలు వేసిన తిరిగే కుర్చీలో కూర్చుని అనేవారు.

వీరవేణికి సిద్ధాంతాలతో పేచీ లేదు, కాళ్ళతోనే వచ్చింది. మోకాలి వెనకనుంచి చీలమండ దాకా నరాలు ఉబ్బి నీలంగా ముడులు పడ్డాయి. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు మంటలు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ చూసి, "కూర్చునైనా పని చెయ్యి, పనైనా మానెయ్యి. దసరా దాకా చూస్తాను. ఆ తర్వాత పుండు పడితే నన్ననకు" అంది. మానడమంటే మాటలు కాదు. మొగుడి ఆరోగ్యం అంతంతమాత్రం, కూతురు నర్సింగు రెండో ఏడు చదువుతోంది. ఆ ఇల్లు వీరవేణి జీతం మీదే నడుస్తోంది. ఒక స్టూలు ఇప్పించమని ఆవిడ ఎన్నిసార్లు అడిగినా పైనుంచి వచ్చే జవాబు ఒకటే: విషయము పరిశీలనలో ఉన్నది.

అందుకే ఆ సోమవారం పరబ్రహ్మంగారు కళ్ళద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఉత్తర్వును పంచాంగం చదివినట్టు పైకి చదువుతుంటే వీరవేణి చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది.

"తరతరాలుగా మహిళామణులు అనుభవించుచున్న అసమానతలను సమూలముగా రూపుమాపు సదుద్దేశముతో, సంస్థ విక్రయశాలలయందు పనిచేయు ప్రతి మహిళా ఉద్యోగికిని ఒక ఆసనము కేటాయించవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది."

పక్క కౌంటరులో జాకెట్టు ముక్కలు అమ్మే నూకరత్నం చప్పట్లు కొట్టింది. వయసులో చిన్నది, నోరు మాత్రం పెద్దది. "అక్కా! మన కాళ్ళకి సొతంత్రం వచ్చేసిందే!" అంది. వీరవేణికి నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఎవరైనా చూస్తారని అద్దం తుడుస్తున్నట్టు వంగింది.

వారం తిరిగేసరికి కుర్చీలు దిగాయి. మెరూన్ రంగు రెక్సిను, స్టీలు కాళ్ళు, ఒంటినిండా ప్లాస్టిక్ కవరు. పరబ్రహ్మంగారు కుర్చీలకు పసుపు కుంకాలు పెట్టించారు, కొబ్బరికాయ కొట్టించారు, పెయింటరును పిలిపించి ఒక్కో దాని వీపున ఒక్కో పేరు రాయించారు. 'కె. వీరవేణిగారి ఆసనము' అని తెల్లటి అక్షరాలు. ఇరవై ఏళ్ళలో ఆ కొట్టులో తన పేరు ఒక వస్తువు మీద కనబడటం అదే మొదలు, పైగా 'గారు' కూడా ఉంది. వీరవేణి ఆ అక్షరాలను వేలితో తడిమి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, వెనక్కి తిరిగింది.

"ఆగు! ఆగాగు!" పరబ్రహ్మంగారు గాజుగదిలోంచి పరిగెత్తుకొచ్చారు.

"ఏటండీ, పెయింటు తడారలేదా?"

"పెయింటు కాదమ్మా. కూర్చుంటున్నావేంటి?"

"కుర్చీ కదండీ మరి."

"కుర్చీయే, కాదనను. ఉత్తర్వులో ఏముంది? కేటాయించవలెను అని ఉంది. కేటాయించాం. పేరు కూడా రాయించాం. కూర్చోవలెను అని ఎక్కడుందో నువ్వే చూపించు."

వీరవేణి తెల్లబోయింది. "కుర్చీ ఇచ్చేది కూర్చోడానికేగదండీ?"

"అది నీ ఊహ. సర్కారు కాగితాన్ని ఊహించి చదవకూడదు. రేపు ఆడిట్‌వాళ్ళొచ్చి, ఏ అధికారంతో కూర్చోబెట్టావయ్యా అంటే నా పింఛను నువ్విస్తావా? పైకి రాసి స్పష్టీకరణ కోరతాను. అంతదాకా కుర్చీ పక్కన నిలబడు. చూసేవాళ్ళకి కూడా నిండుగా ఉంటుంది."

స్పష్టీకరణ కోరడమంటే ఆయనకు తిరపతి మొక్కు తీర్చుకున్నంత తృప్తి. ఆ పూటే రాసి పంపారు. ఈలోగా కుర్చీలు కొత్తవి కొత్తవిగానే ఉండాలి కాబట్టి ప్లాస్టిక్ కవరు తియ్యకూడదని, ఎవరి ఆసనాన్ని వారే రోజూ రెండు పూటలా తుడుచుకోవాలని కొట్టులో ఒక నోటీసు అంటించారు. అలా ఆడవాళ్ళకు వచ్చిన కొత్త హక్కు ముందుగా కొత్త చాకిరీ అయి కూర్చుంది. అది మాత్రం కూర్చుంది.

కుర్చీలు ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటాయి? చీరల కొట్టుకు భార్యలతోబాటు భర్తలు కూడా వస్తారుగా. వాళ్ళు అంతకుముందు గుమ్మం దగ్గర నిలబడి వాచీ చూసుకుంటూ, దగ్గుతూ, "ఏమేవ్, అయిందా?" అని కేకలేస్తూ ఉండేవారు. ఒక శనివారం సామర్లకోటనుంచి వచ్చిన ఒక పెద్దమనిషి సరాసరి వీరవేణి కుర్చీలో కూలబడి, కాళ్ళు బారజాపి, నిమిషంలో గుర్రు పెట్టాడు.

"బాబుగారూ, అది..." అని వీరవేణి అనబోతే పరబ్రహ్మంగారు కళ్ళెర్రజేశారు. "కస్టమరు!" అన్నారు గుసగుసగా.

ఆ పెద్దమనిషి లేచేసరికి వాళ్ళావిడ రెండు చీరలకు వచ్చింది కాస్తా ఐదు కొనేసి, బిల్లు కూడా కట్టించేసింది. ఇది చూసి తక్కిన కుర్చీలన్నీ భర్తలతో నిండిపోయాయి. ఆడవాళ్ళు ఆ భర్తల కాళ్ళ మధ్యనుంచి దాటుకుంటూ, "కాస్త కాలు తియ్యండి బాబూ" అని బతిమాలుకుంటూ అమ్మకాలు సాగించారు. నెలాఖరు నివేదికలో పరబ్రహ్మంగారు ఉన్నదున్నట్టే రాశారు. 'మహిళా ఆసనములు సంపూర్ణ వినియోగములో ఉన్నవి. తత్ఫలితముగా విక్రయములు గణనీయముగా పెరిగినవి.' ఒక్క అబద్ధం లేదు.

ఆ నివేదిక చూసి పైవాళ్ళు పొంగిపోయారు. స్పష్టీకరణను తపాలాలో పంపడం మర్యాద కాదనుకుని, సమానావకాశాల ప్రత్యేకాధికారి త్రివిక్రమరావుగారి చేతికిచ్చి పంపారు. స్త్రీల సమస్యల మీద ఆయనకున్నంత అవగాహన రాష్ట్రంలో మరొకరికి లేదని ఆయన అభిప్రాయం. కొట్టుకు రాగానే 'ఆసన వినియోగ శిక్షణ' ప్రారంభమైంది. శిక్షణ ఇచ్చేవారికి కుర్చీ కావాలి కాబట్టి ఆయన వీరవేణి కుర్చీలో కూర్చున్నారు. పరబ్రహ్మంగారు పక్కదానిలో కూర్చున్నారు. కూర్చోవడం ఎలాగో నేర్చుకోవలసినవాళ్ళు వరసగా నిలబడ్డారు.

త్రివిక్రమరావుగారు చదివారు. "ఆసనము అనగా నాలుగు కాళ్ళును, వెనుకభాగమును, సంస్థ ముద్రయును కలిగిన వస్తువు మాత్రమే. అట్టి ఆసనముపై ఉండుటయే కూర్చొనుట. అన్యవస్తువులపై చతికిలబడుట, చేరగిలబడుట, గొంతుక్కూర్చొనుట మొదలగునవి కూర్చొనుట క్రిందికి రావు. ఇక షరతులు. కొట్టులో కొనుగోలుదారు ఉన్నప్పుడు మహిళా ఉద్యోగి కూర్చొనరాదు."

"కస్టమర్లు లేనప్పుడు బీరువాలు సర్దాలిగదండీ?" అంది నూకరత్నం.

"సర్దునప్పుడు కూడా కూర్చొనరాదు. అది తరువాతి షరతు. పై అధికారి నిలబడి ఉండగా కూర్చొనరాదు, అది అవిధేయత. పై అధికారి కూర్చుని ఉండగా కూర్చొనరాదు, అది సమానత్వ ప్రదర్శన."

"మరి పై అధికారి పడుకునుంటేనండీ?"

త్రివిక్రమరావుగారు ఈ ప్రశ్నకు సంతోషించారు. "మంచి సందేహం. ఉన్నత స్థాయిలో పరిశీలించవలసిన విషయం" అని డైరీలో రాసుకున్నారు.

తర్వాత చరిత్రలోకి దిగారు. ఆయన చరిత్రలోకి దిగితే అంత తొందరగా బయటికి రారు. "పుటలు తిరగెయ్యండమ్మా. అక్షరమ్ముక్క కోసం రాళ్ళదెబ్బలు తిన్నదెవరు? స్త్రీ. మొగుడి చితిమీంచి దిగి బతుకుతానన్నది ఎవరు? స్త్రీ. విధవకు మళ్ళీ పెళ్ళేమిటన్న ఊళ్ళో మళ్ళీ పెళ్ళి చేసుకున్నదెవరు? ఓటు అడిగిందెవరు? ఆస్తిలో వాటా అడిగిందెవరు? సమాన పనికి సమాన కూలి అడిగిందెవరు? అంతా స్త్రీయే! వీటిలో ఒక్కటైనా ఆమె కుర్చీలో కూర్చుని సాధించిందా? లేదే! అంచేత ఈ ఆసనాన్ని మీరు కూర్చునే సామానులాగా చూడకూడదు. శతాబ్దాల పోరాట ఫలంగా చూడాలి. రోజూ చూస్తూ ఉండాలి."

వీరవేణి ఒక కాలిమీది బరువు ఇంకో కాలిమీదికి మార్చుకుంటోంది. ఇక తాళలేక, సిగ్గు విడిచి, చీర అంచు కాస్త పైకి పట్టుకుని చీలమండ చూపించింది. "అయ్యగారూ, నా కాలు చూడండి. దసరా దాటితే పనికిరానంది డాక్టరమ్మ. మద్దెమద్దెలో ఒక్క పావుగంట కూర్చుంటానండీ, అంతే. ఇంకేం అడగనండి."

ఆయన చూడలేదు. మర్యాదస్తుడు, ఆడవాళ్ళ కాళ్ళవైపు చూడడు. "అమ్మా, కాలు వ్యక్తిగతం. హక్కు సామూహికం. రెంటినీ కలపకండి" అన్నారు.

ఇదంతా పరుపుమీంచి విన్నవాడు యనమదల సూర్యారావు. పట్టుచీరల పెద్ద. బాలీసుకు ఆనుకుని కూర్చుని కూర్చుని, ఆ బాలీసుకూ అతనికీ తేడా తెలియకుండా తయారైన మనిషి. అతనికి కడుపు రగిలింది. ఆడాళ్ళకేమో పేరు రాసిన కుర్చీలూ, మాకు నేలా? ఆ సాయంత్రమే మగ ఉద్యోగులందరిచేతా సంతకాలు పెట్టించి అర్జీ ఇచ్చాడు. 'స్త్రీలకు ఆసనములు ఒసగి పురుషులను నేలపై కూర్చుండబెట్టుట మా ఆత్మగౌరవమునకు భంగకరము. సదరు పరుపును మేము శాశ్వతముగా పరిత్యజించుచున్నాము. మాకును సమానత్వము కావలెను.'

పరబ్రహ్మంగారు సిఫారసు రాసి అందించిన ఆ అర్జీని త్రివిక్రమరావుగారు కళ్ళకద్దుకున్నంత పని చేశారు. సమానత్వం రెండువైపులా ఉంటేనే సమానత్వం అని ఆయన ఎప్పటినుంచో అంటున్నారు. కొత్త కుర్చీలకు బడ్జెట్టు లేదు గనక, ఉన్న కుర్చీలనే స్త్రీపురుషులు సరిసమానంగా పంచుకోవాలని తేల్చారు. ప్రతి కుర్చీలోనూ స్త్రీకి సగం, పురుషుడికి సగం. స్త్రీకి కేటాయింపు, పురుషుడికి వినియోగం. మగవాళ్ళు అడిగినట్టే పరుపుమీద వాళ్ళకిక ప్రవేశం లేకుండా ఒక బోర్డు కూడా వేలాడదీయించారు: 'పురుష ఉద్యోగులు ఈ పరుపును ఉపయోగించరాదు.'

మర్నాటినుంచి సూర్యారావు 'కె. వీరవేణిగారి ఆసనము'లో కూర్చున్నాడు. కుర్చీలో కూర్చుంటే ఒళ్ళో పట్టుచీర పరచడం కుదరదు, జారిపోతుంది. అందుకని వీరవేణి ఎదురుగా నిలబడి చీరను రెండు చేతులా ఎత్తి పట్టుకుంటే, అతను కూర్చుని "ఇది ఉప్పాడ, ఇది పాటూరు" అని వేలు చూపించేవాడు. తన కౌంటరూ తనే చూసుకుంటూ, ఇతని చీరలూ తనే మోస్తూ వీరవేణికి కాళ్ళతోబాటు భుజాలు కూడా పడిపోయాయి. మిగిలిన కుర్చీల కోసం మగ ఉద్యోగులూ కస్టమర్ల భర్తలూ కీచులాడుకునేవారు. కుడివైపు అంత పొడుగు పరుపు, ఉతికిన దుప్పటితో, బాలీసులతో, మనిషన్నవాడు లేక బావురుమంటూ ఉండేది.

అలాంటి కొట్టుకే 'ఉత్తమ ఆసన అమలు' పురస్కారం వచ్చింది.

ఇవ్వడానికి సంస్థ అధ్యక్షులవారే స్వయంగా వస్తున్నారు. ముందురోజు డాక్టరమ్మ వీరవేణి కాలు చూసి, చర్మం పలచబడిపోయిందనీ ఇక దసరా దాకా కూడా ఆగడానికి లేదనీ చెప్పేసింది. ఆ రాత్రి వీరవేణి నిశ్చయించేసుకుంది. సభ అయ్యాక మేనేజరుగారితో చెప్పేసి మానెయ్యాలి. కూతురి చదువు తలుచుకుని మాత్రం తెల్లవార్లూ ఫీజుల లెక్కలు వేసుకుంటూ పడుకుంది.

పొద్దున్నే ముగ్గులు వెయ్యడం, దండలు కట్టడం, వాకిట్లో పన్నీరు బుడ్డి పట్టుకోవడం, అన్నీ ఆడవాళ్ళకే పడ్డాయి. పరుపు అరుగే వేదిక. దానిమీద ఆడవాళ్ళ కుర్చీలన్నీ వేశారు. ఒకదాంట్లో అధ్యక్షులవారు, ఒకదాంట్లో త్రివిక్రమరావుగారు, ఒకదాంట్లో పరబ్రహ్మంగారు, పురుషుల సమానత్వం కోసం కృషి చేసినందుకు ఒకదాంట్లో సూర్యారావు. సభ నిండుగా ఉండాలని పొదుపు సంఘాల ఆడవాళ్ళను ఆటోలలో తోలుకొచ్చారు. కుర్చీలు వేదికమీదికి పోయాయి కాబట్టి వాళ్ళూ నిలబడ్డారు. అధ్యక్షులవారు చాలాసేపు మాట్లాడారు. ఆడది అబల కాదన్నారు, ఆదిశక్తి అన్నారు. శక్తికి అలసట ఉండదని కూడా అన్నారు.

"ఇప్పుడు లబ్ధిదారుల తరఫున శ్రీమతి వీరవేణిగారు రెండు ముక్కలు మాట్లాడతారు" అని పరబ్రహ్మంగారు ప్రకటించి, "కృతజ్ఞతలు చెప్పి దిగిపో" అని చెవిలో అన్నారు.

వీరవేణి అరుగెక్కింది. మైకు అందుకుంది. మోకాళ్ళు వణుకుతున్నాయి, భయంతో కాదు. ఎదురుగా అద్దాల కౌంటర్ల దాకా అందరూ ఆడవాళ్ళే, ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి బరువు మార్చుకుంటున్నవాళ్ళే. ఆ కదలిక ఆవిడకు బాగా తెలుసు.

"అందరికీ నమస్కారమండి" అంది. "నాకు మాటలు రావండి. మా అమ్మమ్మ మావగారి ఎదర ఎప్పుడూ కూర్చోలేదంటండి. ఆయన పోయాక, ఆయన పడక్కుర్చీ ఎదర కూడా కూర్చునేది కాదు, అలవాటు పోలేదండి. మా అమ్మ రొయ్యల కంపెనీలో బల్ల దగ్గర నిలబడి రొయ్యలొలిచింది. పురిటికి ముందు రోజు దాకా నిలబడే ఒలిచింది. నేనేమో ఇక్కడండి. నాకీవేళ కాలు మంటగా ఉంది. అంచేత మా ముగ్గురి తరఫునా కలిపి, నేనొక్క నిమిషం కూర్చుంటానండి."

కూర్చుంది. కుర్చీలు ఖాళీ లేవు గనక, అధ్యక్షులవారి పాదాల పక్కన, ఆ తెల్లదుప్పటి పరుపుమీద చతికిలబడింది. కాళ్ళు చాపింది. బాలీసు ఒకటి లాక్కుని నడుముకు ఆన్చింది. "అమ్మయ్య" అంది. మైకు ఇంకా చేతిలోనే ఉంది, ఆ అమ్మయ్య వీధిలోకి కూడా వినబడింది.

నూకరత్నం పన్నీరు బుడ్డి కింద పెట్టి, వచ్చి పక్కన కూర్చుంది. తక్కిన కౌంటర్ల ఆడవాళ్ళు కూర్చున్నారు. పొదుపు సంఘాల వాళ్ళలో ముందువరస ఒకరి మొహాలొకరు చూసుకుని నేలమీద కూర్చుంది, దాని వెనకవరస, దాని వెనక. చూస్తుండగా ఆ కొట్టంతా కూర్చుంది. అంతమంది ఆడవాళ్ళ ఎదుట కుర్చీల్లో ఎత్తుగా మిగిలిపోయిన ఆ నలుగురికీ చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"లే! లేమ్మా!" పరబ్రహ్మంగారు పళ్ళు నూరారు. "సార్, రేపే మెమో ఇస్తాను. పై అధికారి కూర్చుని ఉండగా కూర్చుంది!"

"తొందరపడకండి" అన్నారు త్రివిక్రమరావుగారు. ఆయన ముఖంలో ఏదో లోతైన చింతన. "ఆమె కూర్చుందా?"

"అదేంటి సార్! కళ్ళెదురుగా కనబడుతుంటే!"

"కనబడటం వేరు, నిర్వచనం వేరు. నాలుగు కాళ్ళూ వెనుకభాగమూ ఉన్న వస్తువుమీద ఉంటేనే కూర్చొనుట. పరుపుకు కాళ్ళేవి? మీరు మెమోలో ఆమె పరుపుమీద కూర్చుందని రాస్తే, పరుపు కూడా ఆసనమే అని ఒప్పుకున్నట్టు. అప్పుడు మగ ఉద్యోగులు ఇన్నేళ్ళుగా ఆసనాలమీదే ఉన్నట్టు. ఉన్నవాళ్ళకే మళ్ళీ ఆసనాలు ఇచ్చింది ఎవరు? నేను. పైకి సిఫారసు చేసింది ఎవరు? మీరు. ఆడిట్‌వాళ్ళు మనిద్దర్నీ బతకనిస్తారా?"

పరబ్రహ్మంగారు పింఛను గుర్తొచ్చి చల్లబడ్డారు. అధ్యక్షులవారికి ఓపిక చచ్చింది. "ఏమయ్యా, ఇంతకీ ఆవిడ ఇప్పుడు ఏం చేస్తున్నట్టు?"

"నిబంధనల ప్రకారం నిలబడే ఉందండీ" అన్నారు త్రివిక్రమరావుగారు. "కాస్త తక్కువ ఎత్తులో."

అదే మినిట్సులో ఎక్కింది. మహిళా ఉద్యోగులందరూ సభ ఆసాంతమూ నిలబడియే ఉండి క్రమశిక్షణ పాటించినారని ప్రశంస కూడా రాశారు.

మర్నాడు వీరవేణి మానేస్తానని చెప్పలేదు. పొద్దున్నే వచ్చి, చెప్పులు విడిచి, పరుపెక్కి కూర్చుని, నూలుచీరలూ పట్టుచీరలూ రెండూ దగ్గర పెట్టుకుంది. కస్టమర్లు ఎదురుగా కూర్చున్నారు. వచ్చినవాళ్ళు పిల్లల సంగతులూ మోకాళ్ళ నొప్పులూ చెప్పుకుంటూ ఒకటికి రెండు కొనుక్కుని వెళ్ళారు. పరబ్రహ్మంగారి సిద్ధాంతం అక్షరాలా నిజమే, చూడబోతే అచ్చం పేరంటమే. పేరంటంలో చీరలు ఇంతలా అమ్ముడవుతాయని మాత్రం ఆయన ఊహించలేదు. నెలాఖరులో లెక్క చూసుకుని, ఈ తక్కువ ఎత్తులో నిలబడటం కొనసాగించవచ్చునని పైకి రాసేశారు. దసరా వచ్చింది, వెళ్ళింది. డాక్టరమ్మ కాలు చూసి, ఏం మందు వాడావని అడిగింది.

ఇక ఆ కుర్చీల సంగతి. పురస్కారం పొందిన ఆదర్శ ఆసనాలు గనక వాటిని అన్ని జిల్లాల్లోనూ ప్రదర్శించాలని పైనుంచి ఆదేశం వచ్చింది. లారీ వచ్చింది, ఎక్కించారు. అధికారి కుర్చీ కూడా పక్కనుంటేనే మహిళల ఆసనాల గొప్పతనం పోల్చి చూడటానికి వీలవుతుందని, గాజుగదిలోని తిరిగే కుర్చీని కూడా లారీలో పడేశారు. మళ్ళీ ఎప్పుడొస్తాయో అడిగితే విషయము పరిశీలనలో ఉన్నదన్నారు.

కుర్చీ లేకపోయేసరికి సూర్యారావు పాత అలవాటుకొద్దీ వచ్చి పరుపుమీద కాలు పెట్టబోయాడు. నూకరత్నం తలెత్తకుండానే బోర్డువైపు వేలు చూపించింది. "చదువుకోండి సూర్యారావుగారూ. మీరు అర్జీ పెట్టి మరీ రాయించుకున్నారుగా." అతను ఎడమవైపు కౌంటరు వెనక్కి వెళ్ళి నిలబడి, తువ్వాళ్ళు అమ్మడం మొదలుపెట్టాడు.

పరబ్రహ్మంగారు గాజుగదిలో బల్లకు ఆనుకుని నిలబడ్డారు. పొద్దున కులాసాగానే ఉన్నారు. మధ్యాహ్నానికి ఒక కాలిమీది బరువు ఇంకో కాలిమీదికి మార్చుకోవడం మొదలుపెట్టారు. సాయంత్రం నాలుగయ్యేసరికి గోడ పట్టుకున్నారు. కాసేపటికి గదిలోంచి బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, పరుపు అంచు దగ్గర వంగి, ఎన్నడూ లేని మెత్తటి గొంతుతో అడిగారు.

"వీరవేణమ్మా, కాస్త జరుగుతావా?"

వీరవేణి చేతిలోని ఉప్పాడ చీరను మడత పెడుతోంది. ఆయన కాళ్ళవైపు చూసింది. ఆ వణుకు ఆవిడకు ఎంత బాగా తెలుసో ఇంకెవరికీ తెలియదు. జాలేసింది. నవ్వూ వచ్చింది.

"జరగడానికేం సార్" అంది. "కాకపోతే మగ ఉద్యోగులు పరుపు వాడకూడదని బోర్డుందికదండీ. పైకి రాసి స్పష్టీకరణ తెప్పించుకోండి. అది వచ్చేదాకా, ప్రస్తుతానికి నిలబడండి."

అని, ఆ చీరా, దాని తర్వాత ఇంకో చీరా నిదానంగా మడత పెట్టేదాకా ఆయన్ని నిలబెట్టి, అప్పుడు కొంచెం పక్కకి జరిగింది.